ఆముక్తమాల్యద రాజనీతిలో రక్షణసంసిద్ధత – పొరుగుతో మైత్రి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి భాగాన్ని విమర్శకులు ఎక్కువగా పరిపాలనాదక్షతకు నిదర్శనంగా చదివారు. రాజ్యరక్షణకు ముందస్తుగా సిద్ధపడటం, పొరుగువారితో సహకరించడం అనే రెండు అంశాలకు ఆ బోధలో దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అడవి జనం, విదేశీ వర్తకుల విషయంలో నమ్మకాన్ని రక్షణసాధనంగా గుర్తించిన కవి, సమబలుడైన పొరుగురాజు దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రాన్ని విస్తరించలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆముక్తమాల్యద, రాజనీతి, దుర్గరక్షణ, మండలసిద్ధాంతం, రక్కసి తంగడి, ఫిన్లాండ్.

1. ఉపోద్ఘాతం:
శ్రీకృష్ణదేవరాయలు (పాలన: 1509–1529) రచించిన ఆముక్తమాల్యద ఆరు ఆశ్వాసాల ప్రబంధం. గోదాదేవి కథ ప్రధానమైన ఈ కావ్యంలో యామునాచార్యుని వృత్తాంతం ఉపాఖ్యానంగా వస్తుంది. వాదంలో గెలిచి రాజ్యం పొందిన యామునుడు, శ్రీరామమిశ్రుని ప్రేరణతో దానిని విడిచి శ్రీరంగం వెళ్లబోతూ కుమారునికి చేసిన ఉపదేశమే రాజనీతి భాగం. ఏలుతున్న చక్రవర్తి రాసిన ఈ మాటలను కావ్యంలో చెప్పేవాడు రాజ్యాన్ని వదులుకుంటున్నవాడు. అందువల్ల ఈ బోధకు వీలునామా లక్షణం ఉంది. తాను లేని కాలంలో రాజ్యం ఎలా నిలవాలన్నదే దాని ప్రధాన చింత.

తెలుగులో నీతిగ్రంథ సంప్రదాయం ఆముక్తమాల్యదకు ముందే స్థిరపడింది. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సకలనీతిసమ్మతము అందుకు సాక్ష్యాలు. రాయల రాజనీతి సంస్కృత అర్థశాస్త్రాల అనువాదం కాదనీ, పాలనానుభవం నుంచి పుట్టిన వ్యావహారికనీతి అనీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం వివరించారు. ఆ అభిప్రాయాన్ని అంగీకరిస్తూనే, ఆ అనుభవంలో ఏ భాగం నీతిగా మారింది, ఏది మారలేదు అని అడగవలసి ఉంది.

2. సంసిద్ధత స్వరూపం:
రాయల దృష్టిలో రక్షణ యుద్ధభూమిలో మొదలు కాదు. కోటలను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగించాలనీ, కోటకు తగినంత బలాన్ని ఉంచాలనీ బోధ చెబుతుంది. సరిహద్దుల్లో అడవిని పెరగనివ్వాలి, రాజ్యం నడుమ ఉన్న అడవిని దొంగలకు ఆశ్రయం కాకుండా కొట్టించాలి. ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి రెండింటిని సైన్యానికి, ఒకదానిని ధనాగారానికి, ఒకదానిని దానభోగాలకు కేటాయించాలి. చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్నులో వెసులుబాటు ఇవ్వాలి.

ఈ సూచనలను విడివిడిగా చదివితే అవి పరిపాలనాసూక్తులు. కలిపి చదివితే ఒక వ్యవస్థ కనిపిస్తుంది. చెరువు నిండితే పంట, పంట వల్ల పన్ను, పన్ను వల్ల సైన్యం. సగం రాబడిని సైన్యానికి ఇవ్వమన్న పద్యాన్ని తరగతిగదిలో తరచూ ఉదాహరిస్తాం. ఆ రాబడికి మూలమైన చెరువును దాని పక్కన పెట్టి చదవకపోతే, రాయల సంసిద్ధత కేవలం సైనికవ్యయంగా కుదించుకుపోతుంది.

3. నమ్మకమే రక్షణ:
ఈ భాగంలో అత్యంత మౌలికమైన ఆలోచన రెండు సందర్భాలలో వ్యక్తమవుతుంది. మొదటిది అడవి జనానికి సంబంధించినది. వారిని దండించి సంస్కరించబూనడం మట్టిగోడను కడగడం వంటిదని కవి పోలిక. కడిగినకొద్దీ మన్నే వస్తుంది. కోపం వల్ల ప్రయోజనం లేదు, మాట తప్పక మచ్చిక చేసుకుంటే శత్రుభూమి మీది దాడిలో వారే తోడవుతారు. ఈ పోలికలో ఏలికకు సహజమైన చిన్నచూపు లేకపోలేదు. అయినా సరిహద్దు రక్షణకు మాటనిలకడ అవసరమని గుర్తించడం విశేషం.

రెండవది రేవుపట్టణాల ప్రస్తావన. ఏనుగులు, మేలైన గుర్రాలు తెచ్చే దూరదేశ వర్తకులకు ఊళ్లు, నగరంలో విడిది, కొలువులో దర్శనం, తగిన లాభం కల్పించాలి. అలా చేస్తే ఆ గుర్రాలు శత్రువుకు దక్కవు. అశ్వబలం కోసం సముద్రవ్యాపారం మీద, ముఖ్యంగా గోవాలోని పోర్చుగీసుల మీద ఆధారపడిన విజయనగరానికి ఇది ప్రాణాధారమైన విషయం. వర్తకుని లాభాన్ని రాజ్యరక్షణలో భాగంగా చూడటం అనుభవం నేర్పిన నీతి.

4. పొరుగురాజు స్థానం:
ఇరుగు రాజు సహజశత్రువు, అతని అవతలి రాజు మిత్రుడు అన్నది కౌటిల్యుని మండలసిద్ధాంత సారం. రాయల బోధలో పొరుగురాజు ప్రధానంగా చారుల కంటితో, బలాబలాల తూకంలో కనిపిస్తాడు. శత్రుదుర్గం పట్టినప్పుడు చిక్కిన స్త్రీలను పుట్టింట ఉన్నట్లు చూసుకోవాలనే ఉదాత్తత ఉంది. కానీ అది గెలిచినవాని ఔదార్యం. ఇచ్చిపుచ్చుకుంటూ ఏళ్లతరబడి నిలుపుకోవలసిన సంబంధంగా పొరుగు ఇక్కడ రూపుకట్టలేదు.

రాయల జీవితం ఇంతకంటే విస్తృతమైనది. 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచి కళింగం దాకా వెళ్లిన ఆయన, చివరకు ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకొని, ఆ ఇంటి ఆడపడుచును పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన ఉన్న భూమిని తిరిగి ఇచ్చాడు. ఆ సంధి అనుభవం, అడవి జనం, వర్తకుల విషయంలో మాదిరిగా స్పష్టమైన నీతిసూత్రంగా మారలేదు. చక్రవర్తి ఆచరించినది కవి బోధలో పూర్తిగా చేరలేదు.

5. చరిత్ర వేసిన ప్రశ్న:
1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ, బీదరు సుల్తానులు కలిసి విజయనగరాన్ని ఓడించారు. అంతకుముందు వారు పరస్పరం పోరాడుకున్నవారే. వారి కలహాల్లో ఒకసారి ఒకరి పక్షం, మరొకసారి మరొకరి పక్షం వహించడం అళియరామరాయల విధానం. అహ్మద్‌నగర్, బీజాపూర్ వివాహసంబంధాలతో దగ్గరయ్యాక ఆ విధానం చెల్లలేదు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు సుమారు ఏడేళ్లు విజయనగరంలోనే ఆశ్రయం పొందినవాడు. తెలుగు కవుల నోట మల్కిభరాముడై, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానానికి కృతిభర్త అయినవాడు. భాష, ఆశ్రయం, పరిచయం ఉన్నా మైత్రి నిలవలేదు.

ముప్పై ఆరేళ్ల తరువాతి ఓటమికి కావ్యాన్ని బాధ్యురాలిని చేయడం న్యాయం కాదన్న ఆక్షేపణ సమంజసమే. ఇక్కడి వాదం కార్యకారణసంబంధం గురించి కాదు. అడవి జనంతో మాట తప్పరాదన్న సూత్రం సమబలునికి వర్తించకపోతే ఏమవుతుందో చరిత్ర చూపింది. నీతిసాహిత్యపు పరిధిని అంచనా కట్టడానికి అది కొలమానం.

6. వర్తమాన సందర్భం:
ఈ ప్రశ్న నేటికీ సజీవమని చెప్పడానికి ఫిన్లాండ్ ఉదాహరణ ఉపకరిస్తుంది. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు దాడిచేసినప్పుడు పొరుగున ఉన్న స్వీడన్ నుంచి స్వచ్ఛందసైనికులు, ఆయుధాలు వచ్చాయి గాని, స్వీడన్ యుద్ధంలో దిగలేదు. 1940 మార్చిలో ఫిన్లాండ్ భూభాగం కోల్పోయి సంధి చేసుకుంది. పురుషులకు నిర్బంధ సైనికశిక్షణ, అత్యవసర నిల్వలు, పౌరుల రక్షణకు భూగర్భ ఆశ్రయాలు దాని విధానంలో భాగాలు. రాయల చెరువు, ధనాగారం, కోట అనే కూర్పుకు ఇది దూరం కాదు. రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఆ దేశం, 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. స్వీడన్ 2024 మార్చిలో చేరింది. సొంత సంసిద్ధతను సడలించకుండానే పొరుగు సహకారాన్ని ఒప్పందంగా మార్చుకోవడం ఇక్కడి విశేషం. చిన్నదేశపు అవసరాన్నీ సామ్రాజ్యపు ధీమానూ ఒకే తక్కెడలో వేయలేం. అయితే కూటమి తన చుట్టూ ఏర్పడకముందే తాను కూటమిలో ఉండాలన్న గ్రహింపు రెండింటికీ అవసరమైనదే.

7. ముగింపు:
ఆముక్తమాల్యద రాజనీతిని బలప్రశస్తిగా మాత్రమే బోధించడం ఆ కావ్యాన్ని తక్కువ చేయడమే. బలానికి మూలాలు చెరువులోనూ రేవులోనూ ఉన్నాయనీ, మాటనిలకడ కోటగోడ వంటిదనీ అది చెబుతుంది. ఆ నీతిని సమబలుడైన పొరుగు దాకా చేర్చలేకపోవడం దాని పరిమితి. రాజనీతి భాగాన్ని పాఠ్యాంశంగా ఎంచుకున్నప్పుడు సైనికవ్యయపు పద్యంతో పాటు అడవి జనం, వర్తకుల పద్యాలను తప్పక చేర్చాలి. యామునుడు కుమారునికి అప్పగించినది రాజ్యం, దానితోపాటు దాని ఇరుగుపొరుగు కూడా. ఆ రెండవదాని గురించి బోధ ఎంత చెప్పింది, ఎక్కడ ఆగింది అని విద్యార్థి అడగగలిగితే కావ్యపఠనం సార్థకమవుతుంది.