స్ప్లెండర్ విప్పే చేయి

1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ. వీధి చివరి మెకానిక్ దాన్ని గోనెపట్టా మీదే విప్పేస్తాడు. పిస్టన్ పిన్ను క్లిప్పు ఊడదీసే ముందు కింది సందులో గుడ్డ కుక్కుతాడు. క్లిప్పు జారి లోపల పడిందా, తలప్రాణం తోకకొస్తుంది. మ్యాగ్నెట్ దగ్గర మాత్రం మొండితనం కూడదు. సుత్తితో బాదితే క్రాంకుకే ముప్పు. పక్క షాపులో అడిగైనా పుల్లర్ తెచ్చుకునేవాడే నా లెక్కలో పనివాడు.

అసలు నేర్పంతా బిగింపులోనే. రింగుల మూతులు ఒకే వరసలో పడకుండా తిప్పుతాడు. పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు కార్బురేటర్ వైపుండాలి. హెడ్డు నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తాడు. టార్క్ రెంచి ఉంటే మేలే. లేనిచోట మణికట్టే కొలత. టైమింగ్ చెయిన్ ఎక్కించాక, కిక్కు కొట్టకుండా మ్యాగ్నెట్‌ను చేత్తో తిప్పి చూస్తాడు, వాల్వు పిస్టన్‌కు తగులుతోందేమోనని.