పడక మీద పరీక్షలొద్దు

పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు చూపించే బొమ్మల పుస్తకంలో కథ ఎంత తక్కువుంటే అంత మంచిదని నా అభిప్రాయం. కథ ఉంటే 'తర్వాతేమైంది' అన్న ఆత్రం ఉంటుంది. ఆత్రం ఉన్న కంటికి నిద్ర ఎక్కడిది?

ఈ కిటుకు తెలిసిన రచయిత్రి మార్గరెట్ వైజ్ బ్రౌన్. ఆవిడ రాయగా క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేసిన 'గుడ్‌నైట్ మూన్' 1947లో అమెరికాలో వచ్చింది. అందులో కథంటూ ఏమీ లేదు. ఆకుపచ్చ గోడల గది, మంచం మీద కుందేలు పిల్ల, ఊగే కుర్చీలో అల్లిక పట్టుకుని కూర్చున్న ముసలి కుందేలు. గదిలో ఏమేమున్నాయో ముందు వరసగా చెప్పి, తర్వాత వాటికి శుభరాత్రి చెప్పుకుంటూ పోవడమే. దువ్వెనకి, గిన్నెలో జావకి, కిటికీలో చందమామకి. అన్నీ కలిపి 130 మాటలకు అటూ ఇటూ.

మా మూడేళ్ల మనవరాలికి రాత్రిపూట ఈ పుస్తకం చూపించే పని నాది. ఇంగ్లీషు వాక్యాలు చదవను. బొమ్మ చూపించి, 'దువ్వెనా, ఇక బజ్జో' అంటాను. జావగిన్నెకి అదే ఆజ్ఞ తను జారీ చేస్తుంది. ఆ గదిలో ఒక చిట్టెలుక తిరుగుతుంటుంది. గది కనబడే రంగుల బొమ్మ వచ్చినప్పుడల్లా అది ఇంకోచోట ఉంటుంది. దాని సంగతి నేనెత్తను. పిల్ల చూపుడువేలే ఎర్రటి నేల మీదుగా, చలిమంట పక్కగా, పుస్తకాల అర మీదికి పాకుతూ వెతుకుతుంది. దొరికాక గోటితో కాగితం మీద టకటకా కొట్టి 'ఇదిగో తాతా' అంటుంది. అప్పటిదాకా పేజీ తిప్పకుండా ఆగడమే నా వంతు. ఈ విద్యలో పెద్దవాళ్లు నేర్చుకోవలసిందల్లా ఆ ఆగడమే.

తొందరపడొద్దని పుస్తకమే చెబుతుంది. మొదటి బొమ్మలో గడియారం ఏడు గంటలు చూపిస్తుంది, చివరికొచ్చేసరికి ఎనిమిదీ పది. గబగబా చదివితే మూడు నిమిషాలు పట్టని పుస్తకంలో డెబ్భై నిమిషాలు గడుస్తాయి. పేజీ పేజీకీ గదిలో వెలుతురు కాస్త కాస్తగా తగ్గిపోతుంది, బయట చందమామ పైకి వస్తుంది. చదివే గొంతు కూడా ఆ వెలుతురుతోపాటే తగ్గాలి. మధ్యలో ఒకచోట బొమ్మే లేని తెల్ల పేజీ వస్తుంది. అక్కడ నేను నోరు మెదపను. మా పిల్ల కూడా కాసేపు ఆ తెలుపుకేసే చూస్తుంది.

మనకిది కొత్త విద్యేం కాదు. మన ఏడు చేపల కథా ఇంతే. ఎండని చేప దగ్గర మొదలై గడ్డి, ఆవు, అవ్వ, ఏడ్చే పాప మీదుగా చీమ దగ్గర తేలుతుందని వినే పిల్లలకి ముందే తెలుసు. తెలుసు గనకే రోజూ అదే కావాలంటారు. నాయనమ్మ కథ చెబుతూ 'ఊ కొట్టు' అనేది. ఆ 'ఊ' సన్నబడి, ఎడం పెరిగి, చివరికి ఆగిపోతే ఆ పూటకి కథ అయిపోయినట్టే. చీమ దాకా వెళ్లిందా లేదా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

పిల్లల ఊహకి రాజులూ దేవకన్యలూ కావాలని నమ్మేవాళ్లు 'గుడ్‌నైట్ మూన్' వచ్చిన రోజుల్లో అమెరికాలో చాలామంది. బ్రౌన్ మాత్రం న్యూయార్క్‌లో లూసీ స్ప్రేగ్ మిచెల్ నడిపిన బ్యాంక్ స్ట్రీట్ సంస్థలో తయారైన రచయిత్రి. చంటిపిల్లలకి చుట్టూ ఉన్న వస్తువులే పెద్ద వింత అన్నది అక్కడి సిద్ధాంతం. పిల్లల పుస్తకాల మీద తిరుగులేని పెత్తనమున్న లైబ్రేరియన్ యాన్ కరోల్ మూర్‌కి ఈ పుస్తకం నచ్చలేదు. దాంతో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దీన్ని 1972 దాకా తెప్పించనే లేదు. బ్రౌన్ 1952లోనే, 42 ఏళ్లకి చనిపోయింది.

అదే 1947 జులైలో మద్రాసు నుంచి మన 'చందమామ' మొదలైంది. రాజులూ రాక్షసులూ ఉన్న ఆ కథలంటే నాకు ప్రాణం. కానీ అవి చదవడం వచ్చిన పిల్లలవి, పగటివి. ఇప్పటి తల్లిదండ్రులు పొరపాటున ఆ భేతాళుణ్ని పడగ్గదిలోకి తెచ్చుకున్నారు. పుస్తకం తెరవగానే, జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందన్నట్టు మొదలుపెడతారు. ఇదేం రంగు? బెలూన్ స్పెల్లింగేంటి? పిల్లులెన్ని, లెక్కపెట్టు. పాపం, ఆ పసివాడు విక్రమార్కుడిలా జవాబులు చెబుతూ మేలుకునే ఉంటాడు. చివరికి 'మావాడు పదకొండైనా పడుకోడండీ' అని వీళ్లే వాపోతారు. ఆ పుస్తకంలో ముసలి కుందేలు ఒక్క ప్రశ్న కూడా వెయ్యదు. ఊరుకోమని సైగ చేస్తుంది, అంతే.

ఈ రాత్రికి మీరూ ప్రశ్నలు కట్టిపెట్టి చూడండి. పుస్తకం లేకపోతే మీ గదే చాలు. ఫ్యానుకీ, దోమతెరకీ, గోడ మీద క్యాలెండరుకీ పిల్లల చేత బజ్జో చెప్పించండి. రంగులూ అంకెలూ స్పెల్లింగులూ తెల్లారితే బడిలో ఎలాగూ అడుగుతారు.