కుట్టు లేని గుడ్డ, కట్టులో మనిషి

మగ్గం మీంచి దిగిన పంచెకు కొలత ఉంటుంది గానీ ఆకారం ఉండదు. గుండీ లేదు, జేబు లేదు, ఒక్క కుట్టు లేదు. చొక్కా ఎలా ఉండాలో దర్జీ ఒకసారి తేల్చేస్తాడు. పంచె సంగతి కట్టుకునేవాడే ప్రతి ఉదయం తేల్చుకోవాలి. అందుకే తెలుగు మగవాడి ఉనికి గుడ్డలో కంటే కట్టులో ఎక్కువ కనిపిస్తుందని నా నమ్మకం. ఒకే చాపులోంచి తీసిన రెండు పంచెల్లో ఒకటి పొలానికి వెళ్తుంది, ఇంకొకటి పెళ్లిపీటల మీదికి వెళ్తుంది. తేడా అంతా కట్టిన చేతిది.

గోచీ పోసి కట్టడానికి ఎనిమిది మూరల పంచె కావాలి. గుడ్డ మధ్యభాగాన్ని నడుం వెనక ఆనించి, రెండు కొసలూ ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర ముడి వేస్తారు. కట్టు మొత్తానికి ఆధారం ఆ ముడే. అది వదులైతే, తర్వాత ఎంత ముచ్చటగా మడిచినా నాలుగడుగులకే జారుతుంది. ఎడమ కొసను సన్నగా మడిచి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర దోపితే గోచీ. కుడి కొసను వేళ్ల మధ్య పేర్చి ముందు దోపితే కుచ్చిళ్లు. అంచులన్నీ ఒకే వరుసకు రావడంలోనే పనితనమంతా ఉంది. కుచ్చిళ్లు చీలమండల దాకా జారనిస్తే అది పెళ్లికి, సభకు. గోచీ బిగించి మోకాళ్ల పైకి ఎగగడితే దమ్ములోకి దిగొచ్చు, నాగలి పట్టొచ్చు. వైదికుల పంచకచ్చంలో ఐదుచోట్ల దోపాలి. కాళ్లు విడివిడిగా కదలాలి, ఒళ్లు నిండా గుడ్డ ఉండాలి. ఈ రెంటినీ కత్తెర ముట్టకుండా సాధించిన తెలివి మన పెద్దలది.

అడ్డపంచెకు ఇంత శ్రమ లేదు, నడుం చుట్టూ తిప్పి దోపుకోవడమే. కానీ దానికీ ఒక మర్యాద ఉంది. పనిలో సగానికి మడిచి పైకి కట్టుకున్నవాడు ఎదురుగా పెద్దవాళ్లొస్తే చటుక్కున కిందికి దించుతాడు. ఎవరూ పనిగట్టుకుని నేర్పరు, చూసి అబ్బుతుంది.

2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి అనగానే ఈనాటికీ ఆ పంచెకట్టే కళ్లముందు కదులుతుంది. వెంకయ్యనాయుడు 2017లో ఉపరాష్ట్రపతి అయ్యాక కూడా తెల్లచొక్కా, అడ్డపంచె వదల్లేదు. ఇద్దరిదీ తెలుపే, కట్టు ఎవరిది వారిదే.

భుజం మీది కండువా కథ ఇంత తేలిక కాదు. చెమట తుడుచుకోవడానికి, తలకు చుట్టుకోవడానికి, సద్దిమూట కట్టుకోవడానికి పనికొచ్చే ఈ గుడ్డతోనే మనుషుల్ని అణిచారు కూడా. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోయే పేదవాడు తలరుమాలు తీయాల్సి వచ్చేది, చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చేది, భుజం మీది గుడ్డ దించాల్సి వచ్చేది. అలాంటి నేలమీద కండువాను భుజాన నిలుపుకోవడం షోకు కాదు, ఆత్మగౌరవం. ప్రజాగాయకుడు గద్దర్ భుజాన గొంగడి, చేత కర్ర, కాళ్లకు గజ్జెలతో వేదికెక్కితే జనం కదిలిపోయేవారంటే పాట ఒక్కటే కారణం కాదు. ఆ గొంగడి గొల్ల కురుమలది. దక్కనీ గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచిన ఆ నేత కాపరిని వానలోనూ చలిలోనూ కాచింది. తమ ఒంటిమీది బట్టే వేదిక మీద నిలబడటం చూసినవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేకపోయింది. ఇంత చరిత్ర మోసిన కండువా, నాయకులు పార్టీ మారిన ప్రతిసారీ మెడలో రంగు మార్చుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది.

గుడ్డ మంచిదైతే కట్టు నిలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో నూరో నంబరు దాకా సన్ననూలు వడికి నేస్తారు. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టపడి కట్టింది ఆ పంచెలే. అంత పల్చటి నేతకు గంజి పాళ్లు తెలియాలి. ఎక్కువైతే కుచ్చిళ్లు బిర్రబిగుసుకుంటాయి, తక్కువైతే వాలిపోతాయి.

ఇప్పుడు అంగళ్లలో అతుకుపట్టీతో, జేబుతో కుట్టిన పంచెలు దొరుకుతున్నాయి. వేసుకోవడం తేలికే, కానీ అందరి నడుం మీదా ఒకేలా ఉంటాయి. మరోపక్క మగపిల్లలకు పంచెకట్టు వేడుకలు ఇక్కడే కాదు, అమెరికా తెలుగు ఇళ్లలోనూ ఘనంగా జరుగుతున్నాయి. మేనమామ బట్టలు పెడతాడు, ఫొటోలు తీస్తారు, చాలాచోట్ల పిల్లాడికి తొడిగేది మాత్రం కుట్టిన పంచే. ఆ పూట భోజనాలకు ముందు అరగంట తీసి, అసలు పంచెను వాడి చేతికిచ్చి, మేనమామ పక్కన నిలబడి వాడిచేతనే కట్టించాలి. జారితే మళ్లీ ముడి దగ్గర్నుంచి మొదలుపెట్టించాలి.