బొగ్గుపొరలో ఆకు, కొండమీద చెట్టు

కొత్త మొక్కజాతి ఎలా పుడుతుందన్న ప్రశ్నకు తెలుగునేల మీద రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి రామగుండం బొగ్గుపొరల్లో ఉంది, రెండోది శేషాచలం కొండల మీద. మొదటిదాని గురించి ఆ బొగ్గు పక్కనే ఉండే జ్యోతినగర్ పాఠకులకు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. ఏ సీము ఎంత మందమో, ఎక్కడ రూఫును నమ్మకూడదో బొగ్గుబాయిలో దిగినవాళ్ళకు తెలిసినంతగా నాబోటివాడికి తెలియదు. అయితే బొగ్గును టన్నుల్లో తూచి మెగావాట్లలో లెక్కగట్టే మనం దాన్ని చదవడం తక్కువ. శేషాచలాన్నీ అంతే. దండం పెట్టుకుని మెట్లెక్కి దిగుతాం, పక్కనున్న చెట్టు పేరడగం.

బొగ్గు తీసేశాక పైన మిగిలే నల్లటి పలకరాయి మీద అప్పుడప్పుడు ఆకు అచ్చు కనిపిస్తుంది. నాలుకలా పొడవాటి ఆకు. నడుమ బలమైన ఈనె, దానికి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్న ఈనెలు. టార్చి వెలుగు వాలుగా పడితే ఆ వల మరీ స్పష్టంగా తేలుతుంది. అది గ్లోసోప్టెరిస్. 1828లో అడాల్ఫ్ బ్రోన్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరిది. పర్మియన్ యుగంలో, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ళ కిందట, ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకే నేలగా అతుక్కుని ఉన్నప్పుడు ఈ చెట్లు అన్నిచోట్లా అడవులు కట్టాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ బృందం, చివరిదాకా పారేయకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్ళలో ఈ ఆకు ఉంది. మన గోదావరి లోయ బొగ్గులో చాలా మటుకు ఈ అడవి బురదలో పూడి, నలిగి అయినదే.

శేషాచలంలో ఇలాంటి అచ్చులకోసం వెతికితే దొరకవు. ఆ కొండల క్వార్ట్‌జైట్ రాయి వయసు 150 కోట్ల ఏళ్ళ పైమాటే. నేల మీద మొక్కన్నదే పుట్టకముందటి రాయి అది. అక్కడ చదవాల్సింది రాయిని పట్టుకుని నిలబడ్డ చెట్లను. కరక్కాయ చెట్టు దేశమంతటా ఉంది, తెల్లకరక్కాయ మాత్రం ఆ దక్షిణపు తూర్పు కనుమలకే పరిమితం. నేరేడు ఏ ఊరి చెరువుగట్టు మీదైనా కనిపిస్తుంది, మొగి నేరేడు కోసం ఆ కొండలెక్కాలి. మన ఆదిలాబాద్ అడవుల్లో అందుగు ఉంది, అక్కడ దాని ప్రజాతిలోదే కొండ సాంబ్రాణి. ప్రతిదానికీ బయట ఒక దేశదిమ్మరి చుట్టం, కొండమీద ఒక గడప దాటని చుట్టం.

ఈ జంటల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఏగిస, ఎర్రచందనం. రెండిటికీ పసుపుపచ్చ పూలు, రెండిటికీ చుట్టూ రెక్క ఉన్న బిళ్ళలాంటి గుండ్రటి కాయలు. గంటు పెడితే రెండూ ఎర్రటి జిగురు కారుస్తాయి. అయితే ఏగిస రెమ్మకు అయిదు నుంచి ఏడు ఆకులుంటే, ఎర్రచందనానికి సాధారణంగా మూడే. ఏగిస చేవ గోధుమరంగు. దాంతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగే షుగర్ రోగులు మన కాలనీల్లో కొల్లలు. ఎర్రచందనం చేవ ముదురెరుపు, నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. ఏగిస దేశంలో చాలా అడవుల్లో కనిపిస్తుంది. కాగా ఎర్రచందనం సొంతగడ్డ శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, వాటి చుట్టుపక్కల కొండలే. నాటితే మైదానంలోనూ పెరుగుతుంది, తనంతట తానుగా మాత్రం దిగిరాదు. రెక్క ఉన్న కాయను గాలి ఎటైనా మోసుకుపోగలదు. దిగినచోట మొలకను నిలవనిచ్చే నేల, నీడ, పోటీ కలిసిరావాలి.

కొండల్లో జాతులు చీలే తీరు మామూలుగా ఇది. విస్తారంగా ఉన్న ఒక జాతిలోంచి కొంత గుంపు, వాన తగ్గో చలి పెరిగో మధ్య అడవి ఎండిపోయి, ఒక కొండమీద ఒంటరిగా మిగులుతుంది. అటు పుప్పొడి ఇటు రాదు, ఇటు గింజ అటు పోదు. బండల మధ్య, గుక్కెడు నీటి మీద బతకగలిగినవే తరతరాలా మిగులుతాయి. చిన్న గుంపు కాబట్టి కేవలం అదృష్టం కొద్దీ నిలిచే మార్పులూ ఉంటాయి. వేల తరాల తర్వాత చుట్టాలు ఎదురుపడినా కాయ కట్టదు. మరో దారి ఇంకా పొట్టిది: క్రోమోజోముల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు కావడం. ఈ దారిలో కొత్త జాతికి ఒకటి రెండు తరాలు చాలు. చలీ తేమా ఎక్కువగా ఉండే తూర్పు హిమాలయంలో ఇలాంటి మొక్కలు ఎక్కువని చెప్పినవారు వృక్షశాస్త్రజ్ఞురాలు జానకీ అమ్మాళ్ (1897-1984).

బొగ్గుపొరను తారీఖు వేసి దాచిన తాళపత్రప్రతి అనుకుంటే, కొండ తారీఖులేని జానపద పాఠాంతరాల గుట్ట. పొరకు వరస ఉంది. కింది సీము ముందు, పై సీము తర్వాత, చదువురానివాడికైనా అర్థమయ్యే కాలక్రమం. కానీ ఒక ఆకు మరో ఆకుగా ఎప్పుడు, ఎందుకు విడిపోయిందో రాయి చెప్పదు. ఇంకో చిక్కూ ఉంది. ఆకు ఒకచోట, వేరు మరోచోట, కలప ఇంకోచోట దొరుకుతాయి కాబట్టి ఒకే చెట్టుకు మూడు పేర్లు పడ్డాయి. ఆకు గ్లోసోప్టెరిస్, వేరు వెర్టెబ్రేరియా. కొండకు ఈ బాధ లేదు, చెట్టు నిలువునా కళ్ళముందుంటుంది. దాని లోటల్లా కాలం. బురద పూడ్చిపెడుతుంది కాబట్టి పల్లం మొక్కలు రాళ్ళలో మిగిలాయి. కొండ అరిగిపోతుంది కాబట్టి దానిమీది మొక్కలు ఏ పొరలోనూ మిగలవు. పర్మియన్‌లోనూ కొండలుండే ఉంటాయి, వాటి చెట్ల ఊసు మన సీముల్లో దాదాపు లేదు.

అందుకే రూపం చూసి వయసు చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం అనుమానం. తిరుమల కొండల్లో పేరిత అనే సైకాడ్ ఉంది. ఈత మొక్కలా కనిపిస్తుంది, ఆడ మొక్క, మగ మొక్క వేరు. 1883లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ పేరిట దానికి శాస్త్రనామం పెట్టారు. ఆ వంశం బొగ్గుకాలం నాటిదే. దాంతో దీన్ని సజీవ శిలాజం అనడం రివాజైంది. అయితే 2011లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనం ప్రకారం, ఇవాళ బతికున్న సైకాడ్ జాతులు చాలావరకు గత కోటీ ఇరవై లక్షల ఏళ్ళలో చీలినవే. వంశం పాతది, మనుషులు కొత్తవాళ్ళు. ఆ లెక్క కట్టడానికి డీఎన్‌ఏ గడియారం ఒక్కటే చాలదు. దాని ముల్లును ఏదో ఒకచోట తారీఖు తెలిసిన శిలాజానికి కట్టాలి. కొండ వయసు తెలియాలంటే పొర దగ్గర అప్పు చేయాల్సిందే. అలాగే పొరలో ఆకుకు ప్రాణం పోసి చూడాలంటే, బతికున్న చెట్టులో ఆకు ఎలా రాలుతుందో, గింజ ఎలా కడుతుందో తెలిసినవాళ్ళే చూడాలి.

వేగం మాటకొస్తే శేషాచలం నిదానస్తురాలే. ఆండీస్ పర్వతాలు ఇటీవల పైకి లేచాయి. అక్కడ ల్యూపిన్ అనే చిక్కుడు కుటుంబపు మొక్క 12 నుంచి 18 లక్షల ఏళ్ళలోనే 81 జాతులైంది. మన కొండలు లేచి, అరిగి, ఎప్పుడో కుదురుకున్నవి. వాటి దగ్గర హడావిడి లేదు.

ఈ రెండు పుస్తకాలూ కలిసే చోటు గనిలోనే ఉండొచ్చు. వేల్స్‌లో త్రెలోగన్ అనే పాత సీసం, జింకు గని ఉంది. దాని వ్యర్థాల దిబ్బల మీద మొలిచిన గడ్డి ఆ లోహాల విషాన్ని తట్టుకోవడం నేర్చింది. అంతేనా, కొన్ని మీటర్ల అవతల పచ్చికలో ఉన్న అదే గడ్డికంటే దాదాపు వారం ముందు పూస్తుందని 1960లలో శాస్త్రజ్ఞులు గమనించారు. పూత వేళలు తప్పితే పుప్పొడి కలవదు. జాతి చీలడంలో మొదటి మెట్టు అదే. దానికి లక్షల ఏళ్ళు పట్టలేదు, గని తవ్విన కాలమే సరిపోయింది. మన ఓపెన్‌కాస్టుల పక్కన, బొగ్గు మీదిది తవ్వి పోసిన ఓబీ గుట్టలున్నాయి. ఇసుకరాయి, మట్టి కలిసిన గుట్టలు, ఎండాకాలం కాళ్ళు కాలేంత వేడి. లోహపు విషం వేల్స్‌లో ఉన్నంత ఉండదు కాబట్టి అంత తొందర మార్పు ఆశించలేం. అయినా గుట్ట నెత్తిన, గుట్ట కింద చేనుగట్టున ఒకే రకం గడ్డి ఏ రోజున పూతకొస్తున్నదో ఏటేటా రాసిపెట్టడానికి ఒక నోటుబుక్కు చాలు. గోదావరిఖనిలో ఏ ఇంటర్ బైపీసీ పిల్లలైనా ఈ వానాకాలమే మొదలుపెట్టొచ్చు.