రక్తకన్నీరు: రోగమా, పాపఫలమా?

1954లో కృష్ణన్–పంజుల దర్శకత్వమున వెలువడిన తమిళ చిత్రము 'రక్తకన్నీరు'. ధనమదమున ఇల్లాలిని విడిచి, వేశ్యాలోలుడై, తుదకు కుష్ఠరోగియైన నాయకునిగా ఎం.ఆర్. రాధా నటన అద్వితీయము. తెలుగున నాగభూషణముగారు ఆ పాత్రను నాటకముగా ఊరూర ప్రదర్శించిరి. తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో పెద్దలు ఈ రెంటిని ఎరుగుదురు.

నటన ఎంత గొప్పదో, అది నాటిన అపోహయు అంత గాఢము. రోగము పాపమునకు శిక్షయని ప్రేక్షకుడు నమ్మెను. 1873లో హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి పాపపుణ్యముల నెంచదు. నిర్దోషియగు ఆ ఇల్లాలికైనను సోకవచ్చును. నేడు ఆరు మాసములో, సంవత్సరమో ఉచితముగా లభించు మందులు వాడిన నయమగును. అయినను పాపియందురను భీతితో స్పర్శలేని మచ్చను దాచుకొనువారున్నారు. ఆ జాప్యమే చేతులను వంకర చేయును.

2019లో విడాకుల కారణములనుండి ఈ రోగమును చట్టము తొలగించినది. మనస్సులనుండి తొలగించుట మిగిలినది. రాధా నటనకు మేము నమస్కరింతుము. చిత్రము చెప్పిన తీర్పును మాత్రము అంగీకరింపము.