నిద్రలేని కాలం – మేల్కొన్న వర్తమానం: ఐటీ కారిడార్ యువతకు నానీల ప్రాసంగికత

1. ఉపోద్ఘాతం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలు తెలుగు యువత భవిష్యత్తుకు చిరునామాగా మారాయి. ఇక్కడి జీవనంలో కాలం ముందుకే చూస్తుంది. ప్రాజెక్టు గడువు, వార్షిక అప్రైజల్, ఇంటి రుణం, విదేశీ అవకాశం అన్నీ రేపటికి చెందినవే. అమెరికా పగటికి అనుగుణంగా ఇక్కడి రాత్రులు పనిచేస్తాయి. నేటి దినం రేపటి కోసం కట్టే వాయిదాగా మారిన ఈ స్థితిలో, వర్తమానంలో జీవించడాన్ని కవిత్వం ఏ విధంగా నేర్పగలదన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. తెలుగు కవిత్వంలో వర్తమానం

ఆధునిక తెలుగు కవిత్వం యువతను ఉద్దేశించినప్పుడు ఎక్కువగా భవిష్యత్తునే చూపింది. గురజాడ 'దేశభక్తి' గతాన్ని తలచుకుంటూ ఆగిపోవద్దన్నది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' రాబోయే కొత్త లోకం వైపు నడిపించింది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'గా తెలుగు చేసినప్పుడు ప్రస్తుత క్షణం ముందుకు వచ్చింది. అయితే అక్కడ క్షణం విలువ దాని నశ్వరత మీద ఆధారపడి ఉంది. గడిచిపోయేది గనుక అనుభవించాలన్న ఈ తర్కాన్ని నేటి వారాంతపు వినోదం తనకు అనుకూలంగా మలచుకుంది. ఐదు రోజుల అలసటను రెండు రాత్రుల్లో మరచిపోవడం వర్తమానంలో ఉండడం కాదు, దాని నుండి తప్పించుకోవడం.

కాకినాడలో తత్త్వశాస్త్రం బోధించిన ఇస్మాయిల్ మార్గం వేరు. చెట్టును, పిట్టను, వానను నీతిబోధకు సాధనాలుగా కాక, వాటి కోసమే చూశారాయన. ఆ కవిత్వంలో వర్తమానమంటే అవధానం.

3. నానీ నిర్మాణం

ఈ అవధానానికి అందుబాటులో ఉన్న రూపాన్ని 1990ల చివర హైదరాబాదు నుండి ఎన్. గోపి అందించారు. నానీలో నాలుగు పాదాలు, 20 నుండి 25 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు పాదాల్లో ఒక భావాంశం, చివరి రెండింటిలో మరొకటి నిలుస్తాయి. ఆ రెంటి నడుమ పాఠకుడు ఒక్క క్షణం ఆగక తప్పదు. కవితలోని వర్తమానం ఆ విరామంలోనే ఉంది.

క్లుప్తత మాత్రమే ఈ ఫలితాన్ని ఇవ్వదు. రెండవ భాగం సిద్ధంగా ఉన్న నీతినో చమత్కారాన్నో అప్పగిస్తే విరామం మాయమవుతుంది. అటువంటి నానీ ఫోను తెరపై వేలితో తోసివేసే మరొక సందేశంగా మిగులుతుంది. నానీలు విరివిగా వస్తున్న నేటి రోజుల్లో ఈ భేదాన్ని విమర్శ స్పష్టంగా చెప్పవలసి ఉంది.

'నా', 'నీ' అన్న రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించే శిక్షణలు బోధించే వర్తమానం 'నా' ప్రశాంతత దగ్గర ఆగుతుంది. కవిత్వపు వర్తమానంలో 'నీ'కి కూడా చోటుంది. అద్దాల భవనపు వెలుగును చూసిన కన్ను, దాని ద్వారం వద్ద రాత్రంతా నిలబడిన కాపలాదారుణ్ణి కూడా చూడాలి. అప్పుడు వర్తమాన స్పృహ ఉన్నదానితో సరిపెట్టుకోవడంగా దిగజారదు.

4. ముగింపు

గోపికి 2000లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన సంపుటి పేరు 'కాలాన్ని నిద్రపోనివ్వను'. ఐటీ కారిడార్‌లో కాలం ఎలాగూ నిద్రపోదు. కాని నిద్ర లేకపోవడం వేరు, మేలుకొని ఉండడం వేరు. మొదటిది ఉద్యోగం విధించేది, రెండవది కవిత్వం అలవరచేది. కాబట్టి కళాశాలల్లో యువతకు ఉద్బోధ గీతాలను వల్లింపజేయడం కన్నా, ఆ రోజు తాము చూసిన ఒక్క దృశ్యాన్ని నాలుగు పాదాల్లో రాయించడం ప్రయోజనకరం. ఆ రాత ముద్రణకు నోచుకోకపోయినా, చూసిన ఆ ఒక్క క్షణం రాసినవారిదవుతుంది.