"దగ్గరి టవరు" పాఠము: ఒక విమర్శ

కదలుచున్న బస్సులో సెల్‌ఫోను సంభాషణ తెగకుండ ఎట్లు సాగుచున్నదని విద్యార్థి అడిగినపుడు సాధారణముగా లభించు సమాధానము ఒక్కటే. ఫోను తనకు దగ్గరగానున్న టవరును పట్టుకొనును. దూరమైనపుడు దానిని విడిచి మరియొక దానిని పట్టుకొనును. దీనికి తోడుగా తేనెపట్టు గదులవంటి షడ్భుజముల పటము నల్లబల్లపై గీయబడును. సమాధానము చిన్నది, జ్ఞాపకముంచుకొనుటకు సులభము. అయితే తిరుమల కనుమదారిలో ఒక్కసారి ప్రయాణము చేసినచో అది నిలువదు.

షడ్భుజముల సంగతి త్వరగా తేల్చవచ్చును. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డి. హెచ్. రింగ్ వ్రాసిన ఒక పత్రములో ఈ విభజన కనబడుచున్నది. కొలదిపాటి పౌనఃపున్యములనే దూరదూరముగా నున్న గదులలో మరల మరల వాడుకొనుట దాని ప్రయోజనము. అది లెక్క కొరకు గీసిన గీతయే గాని నేలమీద నున్న సరిహద్దు కాదు. పైగా ఒక్క టవరుకే మూడు దిక్కులకు మూడు గదులుండుట సాధారణము. కావున టవరు మారకుండనే గది మారవచ్చును.

"దగ్గర" అను మాట అంతకంటె పెద్ద చిక్కు తెచ్చుచున్నది. ఫోను దూరమును చూచి టవరును ఎన్నుకొనదు. తనకు అందుచున్న తరంగముల బలమును, నాణ్యతను కొలుచును. తిరుమలకు మొదటి కనుమదారి 1944లోను, రెండవది 1974లోను వాడుకలోనికి వచ్చినవి. ఈ దారులలో కొండ అంచున నిలిచినవానికి క్రింద తిరుపతి పట్టణమంతయు కనబడును. అనేక కిలోమీటర్ల దూరముననున్న టవరు కూడ అచ్చట ఫోనుకు అడ్డులేకుండ అందవచ్చును. కొండ భుజమునకు ఆవల కొన్ని వందల మీటర్లలోనే మరియొక టవరున్నను దాని తరంగము రాతిగోడకు తగిలి క్షీణించును. 900 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు మాత్రమే. అంత చిన్న తరంగము కొండను చుట్టి వంగుట మిక్కిలి తక్కువ. (తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకి వద్ద వాతావరణమును పరిశీలించు రాడారు 53 మెగాహెర్ట్జ్‌తో పనిచేయుచున్నది. దాని తరంగము పొడవు ఐదున్నర మీటర్లకు పైగా నుండును. ఈ రెంటిని పోల్చి చూపుటకు ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకదు.)

ఇక మలుపు వద్ద ఏమి జరుగునో చూడవలెను. బస్సు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో మలుపు తిరిగినచో 20 మీటర్లు దాటుటకు రెండున్నర సెకండ్లు చాలును. ఆ కొద్ది దూరములోనే తరంగబలము 20 డెసిబెళ్ళు, అనగా నూరవ వంతుకు పడిపోవచ్చును. సంభాషణ సాగుచున్నపుడు గది మార్చు నిర్ణయము సాధారణముగా ఫోనుది కాదు. జి.ఎస్.ఎం. పద్ధతిలో ఫోను తన గదితో పాటు ఆరు పొరుగు గదుల బలమును కొలిచి సుమారు 480 మిల్లీసెకండ్లకు ఒకసారి నివేదిక పంపును. వ్యవస్థ కొన్ని నివేదికల సగటును చూచి, క్రొత్త గదిలో చోటు సిద్ధపరచి, "అచ్చటికి పొమ్ము" అని ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞ పాత గది ద్వారానే రావలెను. పాత గది మలుపులో మరుగైపోయినచో ఆజ్ఞయే చేరదు! "దగ్గరి టవరు" పాఠము చదివిన విద్యార్థికి మాట ఎందుకు తెగినదో ఈ చోట అర్థముకాదు. టవరు లేదనియో, ఫోను చెడినదనియో అనుకొనును.

పరుగుపందెములో కర్ర అందించుటతో దీనిని పోల్చుట కూడ వాడుకలో నున్నది. ఆ పోలిక సరిపడదు. ఇక్కడ అందించువాడును, అందుకొనువాడును నిలిచియే యుందురు, కర్రయే పరుగెత్తును. పూర్వము ఒంటిదారి రైలు మార్గములలో ఇద్దరు స్టేషను మాస్టర్లు ముందుగా సంప్రదించుకొని డ్రైవరునకు టోకెను ఇచ్చుట దీనికి దగ్గరి పోలిక. తేడా ఒక్కటే: టోకెను రానిచో రైలు ఆగును, బస్సు ఆగదు. హ్యాండోవర్ అను మాటకు "అప్పగింత" అని వ్రాయుట కూడ మేలే. అప్పగింతలనాడు ఇరు ఇండ్లవారును ఉండి తీరవలెను గదా.

అట్లయిన ఆజ్ఞ మరికొంత ముందుగా ఇవ్వరాదా యని తెలివిగల విద్యార్థి అడుగును. క్రొత్త గది బలము పాతదానికంటె కొన్ని డెసిబెళ్ళు మించి, కొంత సేపు అట్లే నిలిచిన తరువాతనే మార్పు జరుగునట్లు ఏర్పాటు చేయుదురు. 3 డెసిబెళ్ళు అనగా రెట్టింపు. ఈ హద్దును తగ్గించినచో ఫోను రెండు గదుల మధ్య బంతివలె తిరుగాడును. పెంచినచో మలుపులో మాట తెగును. మైదానమునకు తగిన హద్దు కనుమకు తగదు.

బంధము తెగిన పిదప ఫోను తానే వెదకి, బలముగానున్న గదిని పట్టుకొని, పాత సంబంధమును నిలుపుమని కోరును. తన వివరములు ఆ గదికి తెలిసినచో సంభాషణ కొనసాగును. లేనిచో మరల డయలు చేయవలసినదే. అలిపిరి మెట్లెక్కు యాత్రికుని జేబులో ఊరకనున్న ఫోను సంగతి వేరు. అది తనంతట తానే గదులు మార్చుకొనుచు, పెద్ద ప్రాంతము దాటినపుడు కబురు పంపును. దానికి పిలుపు వచ్చినపుడు ఆ ప్రాంతములోని గదులలో దండోరా వేయబడును. పాఠములోని "ఫోను పట్టుకొనును" అను మాట ఇక్కడ మాత్రము నిజము.

2020లో పూర్తియైన 3జీపీపీ 16వ విడుదలలో మరియొక మార్గము చేర్చబడినది. బంధము బలముగా నున్నపుడే ఆజ్ఞను ముందుగా ఇచ్చి, చెప్పిన షరతు నెరవేరినపుడు మారుమని ఫోనుకే విడిచిపెట్టుదురు. మలుపు రాకముందే ఆజ్ఞ చేతిలో నుండును.

చిత్తూరు బస్సులో పోవు విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. అనేక ఆండ్రాయిడ్ ఫోనులలో సిమ్ స్థితిని తెలుపు పుటలో తరంగబలము డెసిబెళ్ళలో కనబడును. చంద్రగిరి దాటిన తరువాత అర నిమిషమునకొకసారి ఆ అంకెను వ్రాసికొని, కిటికీలో కొండ ఏ వైపున నున్నదో ప్రక్కన గుర్తించినచో చాలును.